తెలుపు మోజు.. తోలుకు చేటు

ఉడుమలైపేట: పెళ్ళిచూపులకు ఇంకా నెల రోజులుందనగానే ఇంట్లో తెలుగు, బయట అరవం మాట్లాడే మన కుటుంబాల్లో హడావుడి మొదలవుతుంది. పిల్ల ఎండలోకి పోకూడదు. తోట పక్కకు అసలే పోకూడదు. ఒకప్పుడైతే కస్తూరి పసుపు, పెసరపిండి కలిపి నలుగు పెట్టేవాళ్ళు. ఇప్పుడు మందుల షాపుకు పోయి 'ముఖం తెల్లబడే క్రీము ఇవ్వన్నా' అంటే ట్యూబు చేతికొస్తుంది. డాక్టరు చీటీ ఏదని అడిగేవాళ్ళు తక్కువే.

పది రోజుల్లో ముఖం మెరుస్తుంది. 'ఏం పూస్తా ఉండావమ్మి?' అంటూ అత్తలు, పిన్నమ్మలు పేరడుగుతారు. అదే ట్యూబు ఇంకో నాలుగిళ్ళకు చేరుతుంది. అసలు గొడవ ఆ తర్వాతే.

అక్కడ నలుపుకు.. ఇక్కడ తెలుపుకు

మన పిల్లలు ఉద్యోగాలకు పోయిన అమెరికా లాంటి దేశాల్లో మోజు తిరగబడి ఉంటుంది. చర్మం కాస్త రంగు తేలాలని తెల్లవాళ్ళు దుకాణానికి పోయి, అతినీలలోహిత దీపాలు బిగించిన పెట్టెలాంటి మంచంలో డబ్బిచ్చి పడుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో ఆ మంచాలను పొగాకు ఉన్న జాబితాలోనే, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని తేలిన వాటిలో చేర్చింది. అదే ఏడాది బ్రెజిల్ వాటిని నిషేధించింది. 2016 నాటికి ఆస్ట్రేలియా రాష్ట్రాల్లోనూ ఆ వ్యాపారం మూతబడింది.

వాళ్ళు డబ్బిచ్చి తెచ్చుకునేదీ, మనం డబ్బిచ్చి వదిలించుకునేదీ ఒకటే.. మెలనిన్. చర్మంలో ఉండే రంగు పదార్థం. ఎండలోని కిరణాలకు అడ్డుపడే గొడుగు. అమరావతి ఆయకట్టులో తరతరాలుగా ఎండన పడి సేద్యం చేసిన మన పెద్దవాళ్ళను కాచింది ఈ గొడుగే.

ట్యూబులో ఏముంది?

1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ మార్కెట్లోకి వచ్చింది. 2020లో కంపెనీ ఆ పేరులోంచి 'ఫెయిర్' తీసి 'గ్లో' పెట్టింది. పేరు మారింది గానీ పెళ్ళిచూపుల్లో 'పిల్ల రంగెట్లా?' అన్న ప్రశ్న మారలేదు. అయితే ఇక్కడ చెప్పేది ఇలాంటి మామూలు క్రీముల సంగతి కాదు, మందు ట్యూబుల సంగతి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్.. ఇవన్నీ స్టిరాయిడ్లు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి జబ్బులకు డాక్టరు కొన్నాళ్ళపాటు రాసే మందులు. మొమెటసోన్‌కు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపిన క్రీమును మంగుమచ్చలకు రాస్తారు. చెప్పినన్నాళ్ళు వాడి ఆపాలి. మనవాళ్ళేమో పౌడరులా రోజూ పూస్తున్నారు. ఈ కథనం రాస్తూ మా ఇంట్లో అద్దం వెనక వెతికితే సగం నొక్కిన ట్యూబు ఒకటి దొరికింది!

మొదట్లో ముఖం తెల్లబడేది నిజమే. ఆ తర్వాత చర్మం పల్చబడి సన్నటి రక్తనాళాలు ఎర్రగా పైకి కనిపిస్తాయి. మొటిమలు లేస్తాయి. ఆడపిల్లల బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి. ఎండలోకి వస్తే మంట. భయపడి క్రీము ఆపేస్తే ముఖం ఇంకా ఎర్రబడి మండుతుంది, మళ్ళీ పూస్తే చల్లారుతుంది. అందుకే ఏళ్ళ తరబడి మానలేకపోతారు. దేశంలోని 12 కేంద్రాల్లో చర్మ వైద్యులు జరిపి 2011లో ప్రచురించిన పరిశీలనలో, ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిలో 433 మంది ముఖానికి స్టిరాయిడ్ పూస్తున్నట్టు బయటపడింది. 2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మకూడని 'షెడ్యూల్ హెచ్' కిందికి తెచ్చింది. కాగితం మీద చట్టం గట్టిగానే ఉంది.

కొట్టక్కల్‌లో ఏం జరిగింది?

స్టిరాయిడ్ చర్మాన్ని పాడుచేస్తే, పాదరసం కలిపిన క్రీములు లోపలికి పోతాయి. పాదరసం మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. అక్కడితో ఆగకుండా చర్మం గుండా రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేరుతుంది.

మనకు దగ్గరలోనే, పాలక్కాడు దాటితే వచ్చే మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఇది బయటపడింది. అక్కడి ఆస్టర్ మిమ్స్ ఆసుపత్రి వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. అందులో 15 మందిది అరుదైన రకం. ఆ 15 మందిలో 13 మంది, జబ్బు లక్షణాలు కనిపించక ముందు నుంచే తెలుపు క్రీములు పూస్తున్నవాళ్ళు! ఒకరికి మెదడు సిరలో రక్తం గడ్డకట్టింది. క్రీము మానేశాక ఎక్కువమందికి జబ్బు తగ్గింది.

చర్మానికి పూసే సౌందర్య సాధనాల్లో పాదరసం పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించకూడదన్నది నిబంధన. తయారుచేసిన కంపెనీ పేరు, చిరునామా లేని డబ్బాల్లో ఎంత కలిపారో ఎవరు చూశారు? 'బంగారం, వెండి నగలకు తగలనీయకండి' అని డబ్బా మీద రాసుంటే మాత్రం అనుమానించాల్సిందే. పాదరసం బంగారాన్ని పట్టేస్తుందని మన కంసాలులకు తెలియనిది కాదు.

ఇప్పటికే వాడుతుంటే..

పాదరసం అనుమానమున్న క్రీమును వెంటనే ఆపేయాలి. కాళ్ళ వాపు, మూత్రంలో నురుగు ఉంటే ఆలస్యం చేయకుండా మూత్ర పరీక్ష చేయించుకోవాలి. స్టిరాయిడ్ ట్యూబును ఏళ్ళుగా పూస్తున్నవాళ్ళు మాత్రం ఒక్కసారిగా మానకుండా చర్మ వైద్యుణ్ణి కలవాలి. మెల్లగా తగ్గించుకుంటూ ఎలా మాన్పించాలో వాళ్ళకు తెలుసు. కోయంబత్తూరు వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది. పోయేటప్పుడు ఖాళీ ట్యూబైనా సరే, పారేయకుండా సంచిలో వేసుకోండి. దాని మీద ఇంగ్లీషులో ఉన్న సన్నక్షరాలే డాక్టరు మొదట చదివేది.