మండ పీత: ఒక పేరు, నాలుగు జాతులు

ద్వాదశ రాశులలో నాలుగవ స్థానం కర్కాటకానిది. ఆకాశంలో అంతటి గౌరవం పొందిన ప్రాణికి భూమి మీద దక్కింది "ఎవరి కష్టాలు వారివి, పీత కష్టాలు పీతవి" అన్న సామెత. ఆ కష్టాలలో విజ్ఞానశాస్త్రం తెచ్చిపెట్టినది కూడా ఒకటుంది. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే మొగలలోను, కోరంగి మడ అడవులలోను దొరికే మండ పీతకు సరైన పేరేదో తేల్చడానికి శాస్త్రజ్ఞులకు రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. ఆ జాప్యానికి మూల్యం చెల్లించినవారు పీతలు పట్టేవారు, పెంచేవారు.

మండ పీత ఈదే పీతల కుటుంబానికి చెందినది. దాని చివరి జత కాళ్ళు తెడ్ల వలె చదునుగా ఉంటాయి. అమెరికాలో చీసపీక్ అఖాతం ఒడ్డున నివసించే తెలుగువారు వండుకొనే నీలి పీత దీనికి జ్ఞాతి. అయితే దేహపుష్టిలో మండ పీతదే పైచేయి. డిప్ప అడ్డంగా ఇరవై సెంటీమీటర్లు దాటడం, బరువు రెండు కిలోలకు చేరడం పెద్ద జాతిలో అరుదేమీ కాదు. పట్టుకారు వంటి ముందు కాళ్ళతో అది నత్త గుల్లలను పిండి చేస్తుంది. పట్టినవారు ముందుగా ఆ కాళ్ళకు తాడు బిగించడం ఎందుకో వ్రేలు పోగొట్టుకోబోయినవారిని అడిగితే చెబుతారు.

సముద్రపు నీటిలో వెయ్యి పాళ్ళకు సుమారు ముప్పై అయిదు పాళ్ళు లవణాలుంటాయి. ఏటి మొగలో ఈ పాలు పోటుకూ పాటుకూ మారుతుంది. వర్షాకాలంలో దాదాపు మంచినీరే పారుతుంది. ఎదిగిన మండ పీత ఈ మార్పులన్నిటినీ తట్టుకొంటుంది. పిల్లలకు మాత్రం ఆ శక్తి లేదు. అందుకే ఆడపీత ఉప్పుకయ్యలో కాపురం చేసినా గ్రుడ్లు పొదగడానికి సముద్రానికి పోతుంది. అది కుబుసం విడిచి మెత్తబడిన సమయంలోనే జత కలయిక జరుగుతుంది. అంతకు ముందు కొన్ని రోజుల నుంచే మగపీత దానిని తన క్రింద పొదివి పట్టుకొని కాపాడుతుంది. తరువాత ఆడపీత లక్షలాది గ్రుడ్లను పొట్ట క్రింద మోసుకొంటూ సముద్రం చేరుతుంది. తీరానికి పదుల కిలోమీటర్ల దూరాన ఇటువంటి తల్లిపీతలు వలలకు చిక్కిన సందర్భాలున్నాయి. పొదిగిన పిల్లలు అయిదు దశలు గడచి, ఆపైన తోక గల మరొక రూపం దాల్చి, చివరకు చిన్న పీతలై మడ అడవిని చేరుకొంటాయి. ఇందుకు మూడు నాలుగు వారాలు పడుతుంది. అంతకాలం అవి ప్రవాహాల వశంలో ఉంటాయి.

ఈ తేలియాడే బాల్యమే మండ పీతలలో ఒక జాతిని మహాసంచారిని చేసింది. ఎర్రసముద్రం నుంచి, ఆఫ్రికా తూర్పు తీరం నుంచి బయలుదేరితే మారిషస్, భారత్, శ్రీలంకల మీదుగా ఆస్ట్రేలియా, ఫిలిప్పీన్స్, జపాను దక్షిణ ద్వీపాలు, ఫిజీ, సమోవా వరకు దాని నివాసమే. కోరంగి రేవు నుంచీ మద్రాసు నుంచీ ఓడలెక్కి మారిషస్, నేటాల్, ఫిజీ చెరకు తోటలకు తరలిన తెలుగు కూలీలకు అక్కడి ఏటి మొగలలో ఎదురైనది తమ ఊరి పీతే. హవాయి దీవులకు మాత్రం అది తనంత తాను పోలేదు. 1926, 1935 సంవత్సరాల మధ్య మనుషులు తెచ్చి వదలగా అక్కడ స్థిరపడింది. ఫ్లోరిడాలోనూ అటువంటి ప్రయత్నం జరిగింది కాని, అక్కడ నిలదొక్కుకోలేదు.

ఇంత విస్తారమైన ప్రాంతంలో ఉన్నది ఒకే జాతియా? ఇక్కడే చిక్కు వచ్చింది. లినేయస్ శిష్యుడు ఫోర్స్కాల్ ఎర్రసముద్ర తీరంలో ఈ పీతను పరిశీలించి, 1763లో యెమెన్‌లో జ్వరంతో మరణించాడు. అతని వర్ణన 1775లో అచ్చయింది. అదే 'సెర్రేటా'. 1796లో హెర్బ్స్ట్ 'ఒలివేసియా' అనీ, 1798లో ఫాబ్రిషియస్ 'ట్రాంక్విబారికా' అనీ మరి రెండు పీతలకు పేర్లు పెట్టారు. ఈ రెండవ పేరు నాడు డేనిష్ వారి అధీనంలో ఉన్న తమిళనాటి తరంగంబాడిది. 1833లో డి హాన్ ఈ పీతల ప్రజాతికి గ్రీకు పురాణాలలో నావికులను కబళించే రాక్షసి స్కిల్లా పేరు ఇచ్చాడు. 1949లో ఫిలిప్పీన్స్ శాస్త్రజ్ఞుడు ఎస్టాంపడార్ వీటిని మూడు జాతులుగా, ఒక ఉపభేదంగా విడదీశాడు. 1960లో స్టీఫెన్సన్, కాంప్‌బెల్ అవన్నీ ఒక్కటేనని మళ్ళీ కలిపివేశారు. చేపల అంగడిలో కూర్చొనేవారికి ఎర్రదీ పచ్చదీ వేరని తెలిసినా, ఆ తెలివి గ్రంథాలకెక్కలేదు.

1998లో కీనన్, డేవీ, మాన్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు బాహ్య లక్షణాలనూ జన్యు పదార్థాన్నీ కలిపి పరిశీలించి జాతులు నాలుగని నిర్ణయించారు. కళ్ళ నడుమ ముళ్ళు ఎత్తుగా, వాడిగా ఉండి, కాళ్ళన్నిటి మీద వలగళ్ళ వంటి మచ్చలుంటే సెర్రేటా. ఆ ముళ్ళు మొద్దుబారి, మచ్చలు ప్రధానంగా చివరి రెండు జతల కాళ్ళ మీదనే ఉంటే ట్రాంక్విబారికా. నుదురు గుండ్రని మెట్టల వలె ఉండి, మచ్చలు లేక, ముందు కాళ్ళు ఎర్రబారితే ఒలివేసియా. నాలుగవదైన పారామామోసైన్ దక్షిణ చైనా సముద్రం, జావా సముద్రం వైపుది. మలేషియా మడ అడవులలో ఎక్కువగా దొరికేది ఒలివేసియాయే, సుందరవనాలలోనూ అంతే. మహాసంచారి సెర్రేటా లోపల సైతం భేదముంది. ఉత్తర ఆస్ట్రేలియాకు పరిమితమైన వంశం ఒకటి, మిగిలిన ప్రాంతమంతటా పరచుకొన్నది మరొకటి అని 1999లో ప్రకటించిన జన్యు పరిశోధన తేల్చింది. ప్రవాహాలు అన్నిచోట్లా అందరినీ కలపవన్నమాట.

భారతదేశంలో పేర్లు తారుమారయ్యాయి. మన తీరంలో ప్రధానంగా ఉన్నవి రెండు జాతులు: పెద్దది, చిన్నది. దశాబ్దాల పాటు పెద్దదానిని ట్రాంక్విబారికా అనీ, చిన్నదానిని సెర్రేటా అనీ వ్రాశారు. తరువాతి జన్యు పరీక్షలలో పెద్దది సెర్రేటా అనీ, చిన్నది ఒలివేసియా అనీ తేలింది. తరంగంబాడి పేరు మోస్తున్న జాతి మన దేశంలో ప్రధానమైనది కాకపోవడం విధి చమత్కారం.

ఇది కేవలం పండితుల వివాదం కాదు. చిన్న జాతి సుమారు తొమ్మిది, పది సెంటీమీటర్ల వెడల్పుకే గ్రుడ్లకు వస్తుంది. పెద్దది అంతకంటె చాలా ఎదగాలి. చిన్నదాని కొలతను పెద్దదానికి వర్తింపజేస్తే పెద్ద పీతలు ఒక్కసారైనా గ్రుడ్లు పెట్టకుండానే బుట్టలకెక్కుతాయి. ఏటిలో ఏరి తెచ్చిన పిల్లలను చెరువులో వదిలే రైతు కష్టం మరొకటి. పిల్లదశలో రెండు జాతులను గుర్తించడం కష్టం. సింగపూరుకు ప్రాణంతో ఎగుమతి కావలసిన కిలో పీత కోసం నెలల తరబడి మేత వేస్తే, చివరకు సాధారణంగా అంత బరువు తూగని చిన్న జాతి చేతికి రావచ్చు. 2013లో తమిళనాడులో శీర్గాళి సమీపాన తొడువాయి వద్ద రాజీవ్ గాంధీ జలకృషి కేంద్రం మండ పీత పిల్లల ఉత్పత్తిశాల నెలకొల్పిన తరువాత, తల్లి జాతి తెలిసిన పిల్లలు రైతులకు లభించే మార్గం ఏర్పడింది.

పాత నివేదికలు మాత్రం గ్రంథాలయాలలో అలాగే ఉన్నాయి. వాటిలో భారత తీరపు సెర్రేటా అని కనబడినచోట సాధారణంగా చిన్న పీతనూ, ట్రాంక్విబారికా అన్నచోట పెద్ద పీతనూ తలచుకొని చదువుకోవాలి.