అంగన్వాడీ సోదరీమణులు – వారి సంఘము

ఇంట స్త్రీ చేయు పనికి లెక్క వ్రాయు ఆచారము మనలో లేదు. బిడ్డకు పాలు పట్టుట, బాలెంతకు పథ్యము చూచుట, ఏడ్చు పసివానిని లాలించుట, ఇవన్నియు ప్రేమతో చేయునవి గాన వెల లేనివని పెద్దలందురు. మంచిదే. కాని యదే పనిని స్త్రీ యిల్లు వెడలి, ప్రభుత్వము వారి యాజ్ఞకు లోబడి, ప్రతిదినమును నియమితకాలమున చేసినప్పుడు సయితము దానిని సేవయనియే పిలుచుట న్యాయమగునా? అంగన్వాడీ స్త్రీల సంఘమునకు మూలమీ ప్రశ్నయే. దీనినే యీ మాసమున మేము సోదరీమణుల ముందుంచుచున్నాము.

గోదావరి యొడ్డున నున్న మన కొవ్వూరులో గాని, చుట్టుపట్ల పల్లెలలో గాని అంగన్వాడీ నెరుగని తల్లి యరుదు. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన మన దేశమున నీ శిశుసంరక్షణ పథకము ప్రారంభమయ్యెను. ఆరేండ్లలోపు బిడ్డలకును, గర్భిణులకును, బాలెంతలకును పౌష్టికాహార మిచ్చుట, బిడ్డల తూకము చూచుట, మూడేండ్లు నిండినవారికి ఆటపాటలతో అక్షరముల దారి చూపుట అచ్చటి పనులు. ఒక కార్యకర్తయు, ఆమెకు తోడుగా నొక ఆయాయు ఈ భారమును మోయుదురు. గ్రుడ్లకు, పాలకు, బియ్యమునకు లెక్క వ్రాయవలెను. ఇప్పుడు సెల్‌ఫోనులో గూడ నెక్కింపవలెను. ఇంత చేసినవారికి జీతమని యియ్యరు, గౌరవవేతనమని యిత్తురు. ఆ మాటలో మర్యాద కలదు గాని హక్కు లేదు. వారు ఉద్యోగినులు గారు, స్వచ్ఛందసేవికలని ప్రభుత్వముల వాదము.

ఇట్టివారు సంఘముగా నేర్పడుట సులభము కాదు. మిల్లులో వందలమంది యొకే కప్పు క్రింద పనిచేయుదురు. గంట కొట్టగానే కలిసి బయటికి వత్తురు. అంగన్వాడీ స్త్రీ తన కేంద్రమున దాదాపుగా నొంటరి. నెలసరి సమావేశమునకు పోయినప్పుడే తోటివారి ముఖము చూచును. అచ్చటను పై యధికారిణి యెదుటనే యుండును. సంఘమను మాట పలికిన మెమో వచ్చునేమో యను భయమొకటి. ఇల్లు చేరిన పిమ్మట "ఆడుదానికి సంఘములేల?" యను ప్రశ్న వేరొకటి.

ఈ చిక్కులు కొత్తవి గావు. 1918 ఏప్రిలులో బి. పి. వాడియా గారు మదరాసు మిల్లుపనివారికై లేబరు యూనియను స్థాపింపగా, తరువాత యజమానులు హైకోర్టు కెక్కి యాతని కార్యమునకు నిషేధపుటుత్తరువు పొందిరి. 1926లో చట్టము వచ్చిన పిమ్మటగాని ఏడుగురు చేరి సంఘమును రిజిస్టరు చేసికొను హక్కు స్థిరపడలేదు. 1972లో అహమ్మదాబాదున ఇలా భట్టు గారు, మూటలు మోయువారు, కూరగాయలమ్మువారు మొదలగు స్త్రీలకై "సేవ" యను సంఘమును పెట్టినప్పుడు, యజమాని లేనివారికి సంఘమెట్లని అధికారు లాక్షేపించిరి. సంఘమనగా నొకరిపై పోరుటకే కాదు, పనివారు కలిసియుండుటకని యా స్త్రీలు వాదించి గెలిచిరి.

మన రాష్ట్రమున మూడు అంగన్వాడీ సంఘములు ఏకమై 2023 డిసెంబరు 12వ తేదీన సమ్మెకు దిగెను. అప్పుడు కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు. కనీసవేతనమును, గ్రాట్యుటీయును వారి ముఖ్యమైన కోరికలు. గ్రాట్యుటీ వారికి చెందునని సుప్రీముకోర్టు 2022 ఏప్రిలు 25వ తేదీననే తీర్పు చెప్పియుండెను. అయినను పలుచోట్ల అధికారులు కేంద్రముల తాళములు పగులగొట్టించి, సచివాలయ సిబ్బందిచే నడపజూచిరి. 2024 జనవరి 6వ తేదీన అత్యవసర సేవల చట్టమును ప్రయోగించిరి. పాఠకురాండ్రు గమనింతురు గాక! ఉద్యోగినులు గారన్న ప్రభుత్వమే, వారి చేయి యాగినంతనే ఆ పని యత్యవసరమని యొప్పుకొనెను.

సమ్మె 42 దినములు సాగి, జనవరి 22వ తేదీ రాత్రి చర్చలతో ముగిసెను. పని విరమించునాడు కార్యకర్త కిచ్చు మొత్తమును 50,000 నుండి 1,20,000 రూపాయలకు పెంచుటకు ప్రభుత్వ మంగీకరించెను. వేతనము మాట మాత్రము జూలైకి వాయిదా పడెను. జూనులో ప్రభుత్వమే మారెను. కావున వారి కోరిక లన్నియు నాడే తీరెనని చెప్పజాలము.

ఆ దినములలో బీదతల్లులకు కష్టము కలిగెననుట నిజము. గ్రుడ్డును పాలును అందక నష్టపోయినది పసివారే. దాని నెరిగియే ఆ స్త్రీలు కేంద్రములు మూసిరన్నచో, వారి యవసర మెంతటిదో తల్లులు గ్రహింపగలరు. తమ యింట నాకలిని దాచుకొని పరులబిడ్డల నెన్నాళ్లు సాకగలరు?

సోదరీమణులారా! సంఘము స్థాపించుటకు ధైర్యమెంత కావలయునో, ఇంటివారి తోడ్పా టంత కావలయును. మీ కోడలు గాని, మరదలు గాని యట్టి సమావేశమునకు పోవలసివచ్చిన దినమున, ఆ పూట పొయ్యి మీరు చూడుడు, బిడ్డను మీరెత్తుకొనుడు. మీ మనుమని అంగన్వాడీకి తీసికొనిపోయినప్పుడు అచ్చటి కార్యకర్తను వేతనము వేళకు వచ్చుచున్నదా యని యొక్కమాట యడుగుడు. మన బిడ్డను మోయు చేతికి గౌరవముతో బాటు కూలియు దక్కవలయునని కోరుట మనకును ధర్మమే.