వంపులో నిలిచిన నీళ్లు

అమెరికాలో పికప్ వెనక తగిలించి లాక్కుపోయే క్యాంపర్ ట్రెయిలర్లలో కమోడ్ పక్కన ఒక పెడల్ ఉంటుంది. దాన్ని తొక్కితే గిన్నె అడుగున ఉన్న మూత పక్కకు జరుగుతుంది. తొంగి చూస్తే సూటిగా కింద, నాలుగు రోజుల సరుకుతో, మురుగు ట్యాంకు కనిపిస్తుంది. మధ్యలో వంపు గొట్టం లేదు, మలుపు లేదు. కాలు తీస్తే మూత మూసుకుని దాని మీద అంగుళం లోతున నీళ్లు నిలుస్తాయి. ట్యాంకులోని కంపుకూ, నాలుగడుగుల అవతల దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి ముక్కుకూ మధ్య ఉన్న కాపలా అంతా ఆ అంగుళం నీళ్లూ, మూత చుట్టూ ఉన్న రబ్బరు సీలూ మాత్రమే.

ఇంటి కమోడ్ అలా ఉండదు. దానికి అడుగున మూత లేదు, వంపు ఉంది. ఆ వంపులో ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలిచి ఉండి, వెనకనున్న గాలిని రానివ్వవు. విచిత్రమేమిటంటే ట్రెయిలర్‌లోని మూత, ఇంట్లోని వంపు రెండూ ఒకే మనిషి గీసిన ఒకే బొమ్మలోంచి పుట్టాయి. తర్వాత దారులు వేరయ్యాయి.

ఆ మనిషి లండన్ బాండ్ స్ట్రీట్‌లో గడియారాలు చేసే స్కాట్లాండ్ వాడు, అలెగ్జాండర్ కమింగ్. గాలి పీడనం ఎక్కినప్పుడూ దిగినప్పుడూ దాన్ని కాగితం మీద గీతగా గీసే గడియారాన్ని మూడో జార్జి రాజుకు చేసిచ్చిన పనివాడు. గాలి బరువుతో అంత పరిచయం ఉన్నవాడు మరుగుదొడ్డి గొట్టం జోలికి వెళ్లడం కాకతాళీయం కాకపోవచ్చని నాకు అనిపిస్తుంది. నీళ్లు వదిలి కడిగేసే దొడ్డిని జాన్ హారింగ్టన్ 1596లోనే వర్ణించాడు. కానీ దాని గొట్టం తిన్నగా కిందకు దిగేది కాబట్టి కిందున్న వాసన తిన్నగా పైకి వచ్చేది. కమింగ్ 1775లో తీసుకున్న పేటెంటులో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. గిన్నె అడుగున పక్కకు జరిగే మూత ఒకటి. దాని కింద, ఇంగ్లిషు ఎస్ అక్షరంలా వంచిన గొట్టం ఇంకొకటి. మూత తప్పితే వంపు, వంపు తప్పితే మూత.

ఆ మూతే సరిగా పనిచేయలేదు. బిగుసుకుపోయేది, లేదా కారేది. మూడేళ్లకు జోసెఫ్ బ్రామా అనే వడ్రంగి దాన్ని తీసేసి మడతబందు మీద ఊగే మూత పెట్టి, 1778లో తన పేరున పేటెంటు తెచ్చుకున్నాడు. తాళాల తయారీలో, హైడ్రాలిక్ ప్రెస్ విషయంలో తర్వాత గొప్ప పేరు తెచ్చుకున్నది ఈయనే. మూతల కమోడ్లు సంపన్నుల ఇళ్లలో వందేళ్లు నడిచాయి. 1880లలో థామస్ ట్వైఫర్డ్ లాంటివాళ్లు వంపుతో సహా ఒకే ముక్కగా పింగాణీ కమోడ్‌ను పోతపోయడం మొదలుపెట్టాక, కదిలే మూతతో, తుప్పుపట్టే ఇనుముతో పని లేకపోయింది. ఇల్లు వంపును ఉంచుకుని మూతను వదిలేసింది.

ఈ లోగా వంపు విలువ లండన్‌కు గట్టిగానే తెలిసొచ్చింది. కడిగేసే దొడ్లు పెరిగే కొద్దీ ఊరి మలినమంతా థేమ్స్ నదిలోకి చేరింది. 1858 వేసవిలో కంపు భరించలేక పార్లమెంటు కిటికీ తెరలను సున్నపు క్లోరైడులో తడిపి వేలాడదీశారు. ఆ తర్వాతే జోసెఫ్ బజల్జెట్ భూగర్భ మురుగు కాలువలు కట్టాడు. కాలువలు వచ్చాక ఇంకో భయం పట్టుకుంది. ఊళ్లో ప్రతి ఇంటి గొట్టమూ ఒకే కాలువకు కలిసింది. అంటే పక్క వీధి రోగి ఇంటికీ మీ స్నానాలగదికీ మధ్య కాసిన్ని నీళ్లే అడ్డం. 1871లో వేల్స్ యువరాజుకు టైఫాయిడ్ వచ్చి చావు తప్పి బతికినప్పుడు, ఆయన అంతకు ముందు బస చేసిన స్కార్‌బరో భవనం గొట్టాల మీదే అందరి అనుమానమూ పడింది. 

గొట్టంలో చిల్లు ఎక్కడుందో పట్టుకోవడానికి ఆ రోజుల్లో ఒక ముచ్చటైన పరీక్ష ఉండేది. ఒకతను కప్పు మీదకు వెళ్లి, గొట్టంలో పిప్పర్‌మెంటు నూనె పోసి, వెనకే వేడినీళ్లు పోస్తాడు. ఇంకొకతను ఇంట్లో గది గదికీ తిరుగుతూ వాసన పీలుస్తాడు. పిప్పర్‌మెంటు ఎక్కడ గుప్పుమంటే చిల్లు అక్కడే. నూనె పోసిన మనిషిని మాత్రం పరీక్ష అయ్యేదాకా లోపలికి రానివ్వరు. చేతులకు అంటిన వాసనతో ఇల్లంతా చిల్లే అనిపిస్తుంది మరి.

కంపే రోగాన్ని తెస్తుందన్న నమ్మకాన్ని సూక్ష్మజీవుల శాస్త్రం పక్కన పెట్టేసింది. మురుగు గాలి భయం పాతకాలపు చాదస్తమైపోయింది. కానీ 2003 మార్చిలో హాంగ్‌కాంగ్‌లోని ఎమోయ్ గార్డెన్స్ అపార్టుమెంట్లలో 300 మందికి పైగా సార్స్ సోకినప్పుడు పరిశోధకులు మళ్లీ ఆ వంపు దగ్గరికే వచ్చారు. అక్కడివాళ్లు స్నానాలగది నేలను నీళ్లు పోసి కడగడం మాని గుడ్డతో తుడిచేవారు. నేల గొట్టాల వంపుల్లో, అంటే ట్రాపుల్లో, నీళ్లు ఎండిపోయాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడల్లా అది మురుగు గొట్టంలోని తుంపరలను గదిలోకి లాక్కొచ్చింది. మన ప్లంబర్లు నహానీ ట్రాప్ అనేది అచ్చంగా ఆ వస్తువే. ఎండాకాలం సెలవులకు ఇంటికి తాళం వేసి వెళ్లి, తిరిగొచ్చి తలుపు తీయగానే ముక్కు మూసుకున్న వాళ్లకు దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లు ఎండిపోవడమే కాక, వాటిని ఎవరో లాగేయడం కూడా ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారం వంపులో నీటి లోతు 2 నుంచి 4 అంగుళాల దాకా ఉండాలి. 2 అంగుళాల నీళ్లు తట్టుకోగల పీడనం తేడా దాదాపు 500 పాస్కల్స్, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో 200వ వంతు. గొట్టం నిండుగా నీళ్లు ఒక్కసారిగా జారితే వెనక ఏర్పడే ఖాళీ అంతకంటే ఎక్కువగానే లాగగలదు. స్కూటర్ ట్యాంకులోంచి సన్న గొట్టంతో పెట్రోలు తీసినవాళ్లకు ఈ కిటుకు తెలుసు. ఒకసారి ధార మొదలైతే అది తనంత తాను లాక్కుంటూనే పోతుంది. కమింగ్ గీసిన ఎస్ వంపుకున్న జబ్బు ఇదే. కొన్నిసార్లు తన నీళ్లను తానే తాగేస్తుంది. అమెరికాలో ఈరోజు సింకుల కింద దాన్ని పెట్టనివ్వరు. వంపు దాటగానే గొట్టాన్ని అడ్డంగా తిప్పి, గాలి రావడానికి ఇంకో గొట్టం కలిపి, దాన్ని కప్పు దాటించి పైకి తీసుకెళతారు. అదే వెంట్ పైపు. నీళ్లు జారేటప్పుడు గాలి అక్కడినుంచి వస్తుంది, వంపులోని నీళ్ల జోలికి పోదు. మురుగులో పుట్టే వాయువులు కూడా అదే దారిలో ఆకాశంలోకి పోతాయి.

ఇక ట్రెయిలర్. తొలినాళ్లలో అది కదిలే పడకగది మాత్రమే, దొడ్డికి బయటికే వెళ్లాలి. ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ 1957లో బయటి కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్ లేకుండా నడిచే ఇంటర్నేషనల్ అనే ట్రెయిలర్ తెచ్చింది. ఇంటి సౌకర్యాలన్నీ అలా చక్రాల మీదికి ఎక్కుతూ వచ్చాయి. ఎక్కేటప్పుడు తూకంలో, ఎత్తులో, నీళ్లలో కోత పడింది. ఇంటి కమోడ్ వంపును కడగాలంటే లీటర్ల కొద్దీ నీళ్లు కావాలి. ట్రెయిలర్ మోసుకుపోయే నీళ్లు కొద్ది, ట్యాంకు చిన్నది. అందుకని కమోడ్ కింద వంపు తీసేసి, ఇల్లు వదిలేసిన మూతను తెచ్చి పెట్టారు. కమోడ్ కిందది బ్లాక్ ట్యాంకు. సింకు, షవర్ నీళ్లు వెళ్లేది గ్రే ట్యాంకు. సింకులకు, షవర్‌కు మాత్రం వంపులు ఉంటాయి. అవీ గతుకుల రోడ్డు మీద తొణికి సగం ఖాళీ అవుతుంటాయి.

బ్లాక్ ట్యాంకులో ఆక్సిజన్ అయిపోగానే కొన్ని బ్యాక్టీరియా నీళ్లలోని సల్ఫేటును పట్టుకుని బతుకుతాయి. వాటి శ్వాసలోంచి వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన గుడ్ల కంపు. గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలు కంటే తక్కువున్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. కానీ 100 పాళ్లకు చేరితే వాసన తెలిసే శక్తే పోతుంది. మన ఊళ్లలో మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికులను ఎక్కువగా చంపేది ఈ వాయువే. రక్షణ లేకుండా మనుషులను అలా దింపడాన్ని 2013లో చట్టం చేసి నిషేధించినా ఆ చావులు ఆగలేదు. ట్రెయిలర్‌లో అంత మోతాదు మామూలుగా రాదు. అయినా తక్కువ వాసనకే ముక్కు కాసేపట్లో అలవాటు పడుతుంది కాబట్టి, వెతికేవాళ్లు మధ్యమధ్య బయటికి వెళ్లి గాలి పీల్చుకుని రావాలి.

వెతకడం మొదలుపెట్టే ముందు ఆ వాసన మురుగుదేనా అని తేల్చుకోవాలి. ట్రెయిలర్‌లో వంటకు ప్రొపేన్ సిలిండరు ఉంటుంది. లీకైతే తెలియడానికి అందులో ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. అదీ కుళ్లు వాసనే, పైగా ప్రొపేన్ బరువైన గాలి, నేల మీద పేరుకుంటుంది. అనుమానం ఉంటే స్విచ్చులేవీ ముట్టుకోకుండా బయటికి వచ్చేసి, సిలిండరు కట్టేయాలి. వేడినీళ్ల కుళాయి తిప్పినప్పుడే వాసన వస్తుంటే దోషం హీటర్‌ది. కొన్ని హీటర్లలో తుప్పు రాకుండా మెగ్నీషియం కడ్డీ వేలాడదీస్తారు, నీళ్లలోని సల్ఫేటు బ్యాక్టీరియా దానితో చేరి అదే కంపు పుట్టిస్తుంది. క్లోరిన్‌తో ట్యాంకు కడిగి, అల్యూమినియం, జింకు కలిసిన కడ్డీ వేస్తే పోతుంది. అతిగా చార్జయిన లెడ్ బ్యాటరీ కూడా ఇదే కంపు కొడుతుంది. ఈ ముగ్గురినీ వదిలేసి నేరుగా కమోడ్ విప్పదీసేవాళ్లే ఎక్కువ.

ఆ తర్వాత అడగాల్సింది ఎప్పుడు వస్తోందని. గిన్నెలో పోసిన నీళ్లు తెల్లారేసరికి లేకపోతే రబ్బరు సీలు పోయినట్టే. ఒక్కోసారి దాని కింద ఇరుక్కున్న కాగితం ముక్క తీసి, కొంచెం సిలికాన్ నూనె రాస్తే చాలు. నీళ్లు నిలిచినా కమోడ్ చుట్టూ నేల దగ్గర వాసనుంటే రెండు బోల్టులు విప్పి దాని కింది సీలు మార్చాలి. పెడల్ తొక్కినప్పుడే గుప్పుమంటుంటే, పైన కప్పు ఫ్యాను తిరుగుతోందేమో చూడండి. కిటికీలన్నీ వేసి ఫ్యాను పెడితే అది బయటికి తోసిన గాలికి బదులు ఎక్కడినుంచో రావాలి, దగ్గర్లో తెరుచుకున్నది ట్యాంకే. ఎమోయ్ గార్డెన్స్‌లో జరిగింది ఇదే. ఒక కిటికీ తీస్తే, లేదా ఫ్లష్ చేసే నిమిషం ఫ్యాను ఆపితే సరిపోతుంది. దీనికి ట్యాంకులో పోసే మందుల మీద డబ్బు తగలెయ్యక్కర్లేదు.

సింకు కింద అల్మారా తలుపు తీస్తేనే వాసనంటే అక్కడో నల్లటి ప్లాస్టిక్ వాల్వు ఉంటుంది. ప్రతి సింకుకూ కప్పు దాకా వెంట్ పైపు వేసే చోటు లేక పెట్టిన సర్దుబాటు అది. లోపలికి గాలిని రానిస్తుంది, బయటికి పోనివ్వదు. కనీసం రబ్బరు మెత్తగా ఉన్నన్నాళ్లు. అది గట్టిపడితే చేత్తో తిప్పి తీసి కొత్తది బిగించుకోవచ్చు. వాషింగ్ మిషన్ కోసం వదిలిన గొట్టాన్ని చాలామంది మర్చిపోతారు. మిషన్ కొనలేదు, కానీ గొట్టానికి వంపుంది, అందులో నీళ్లు ఏనాడో ఆరిపోయాయి. చెంబుడు నీళ్లు పోస్తే పని అయిపోతుంది.

ట్యాంకు నిండే కొద్దీ కంపు ముదిరితే తప్పు వెంట్ పైపుది కావచ్చు. అది ట్యాంకు పైభాగంలో రబ్బరు వలయంలో బిగించి ఉంటుంది. కుదుపులకు కిందకు జారితే, మురుగు దాని అంచు దాటగానే దారి మూసుకుపోతుంది, అప్పుడు వాయువు పెడల్ తొక్కినప్పుడే బయటపడుతుంది. పైకి లాగి అంచును ట్యాంకు పైకప్పుతో సమం చేస్తే పోయే జబ్బు. దీనికంటే దొంగ జబ్బు ఒకటుంది. పైకప్పుకు కోసిన రంధ్రం పైపు కంటే పెద్దది, పైపు రంధ్రాన్ని దాటకుండా కిందే ఆగిపోతుంది, రెండింటినీ కలిపి ప్లాస్టిక్ టోపీ కప్పేస్తుంది. చూడ్డానికి అంతా బాగుంటుంది. వాయువు మాత్రం టోపీ కింద పక్కకు మళ్లి, కప్పుకూ సీలింగుకూ మధ్య పాకి, లైటు చుట్టూ ఉన్న సందుల్లోంచి పడకగదిలోకి దిగుతుంది. ఎక్కడినుంచో తెలియని వాసనకు సగం సందర్భాల్లో నేను ముందు నిచ్చెన వేయించేది అక్కడికే. పైపును పొడిగించి, చుట్టూ సీల్ చేయాలి.

ట్యాంకులో ఏం జరుగుతుందన్నదీ చూడాలి. ట్రెయిలర్ పార్కులో మురుగు కనెక్షన్ దొరికింది కదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేస్తే నీళ్లన్నీ జారిపోయి గట్టిది మాత్రం కమోడ్ కింద కుప్పపడుతుంది. వాల్వు మూసి, నీళ్లు ధారాళంగా పోస్తూ, బాగా నిండాక ఒకేసారి వదలాలి. ఫార్మాల్డిహైడ్ కలిసిన మందులు కంపును తగ్గిస్తాయి, కానీ పార్కు సెప్టిక్ ట్యాంకులోని పనికొచ్చే బ్యాక్టీరియాను కూడా చంపుతాయి. నైట్రేటు మందులది ఇంకో ఎత్తు. నైట్రేటు దొరికితే బ్యాక్టీరియా సల్ఫేటు వంక చూడవు, కాబట్టి గుడ్ల వాసన పుట్టదు. 

ఇప్పుడు షవర్ కింద, సింకు కింద కూడా వంపును తీసేస్తున్నారు. దాని స్థానంలో గొట్టంలోపల సిలికాన్ తొడుగు ఒకటి ఉంటుంది. నీళ్లు వస్తే పెదవులు విచ్చుకుంటాయి, ఆగితే మూసుకుంటాయి. ఎండిపోవడానికి నీళ్లు లేవు, తొణకడానికి లేవు, చలికాలంలో గడ్డకట్టి పగలడానికీ లేవు. పైగా గాలిని లోపలికి రానిస్తుంది కాబట్టి వేరే వాల్వు అక్కర్లేదు. వంటసింకు కింద మాత్రం జాగ్రత్తగా ఉండాలి. నూనె జిడ్డు, అన్నం మెతుకులు పెదవుల మధ్య ఇరుక్కుంటే అవి పూర్తిగా మూసుకోవు. అలాంటప్పుడు విప్పి, గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి, గొట్టం మీది బాణం గుర్తు నీళ్లు పారే వైపే ఉందో లేదో చూసి మళ్లీ బిగించాలి.