రెండు ఫ్లైకాచర్లు - ఫోటోలో తేడా తెలుసుకొనుట

క్వాజులు-నటాల్‌లో మన ఇండ్ల తోటలలోను, ఏటి ఒడ్డున ఉన్న చెట్ల మీదను బూడిదరంగు కలిసిన గోధుమరంగు చిన్న పిట్ట ఒకటి కనబడుతుంది. కొమ్మ మీద నిటారుగా కూర్చుని, గాలిలో పురుగు కనబడగానే ఎగిరి పట్టి, తరచుగా అదే కొమ్మకు తిరిగి వస్తుంది. ఇటువంటి పిట్టలకు ఫ్లైకాచర్లు అని పేరు. పిల్లలు ఫోటో తీసి దాని పేరు అడిగినప్పుడు మనకు ఎక్కువగా చిక్కు తెచ్చేవి రెండు.

మొదటిది ఆఫ్రికన్ డస్కీ ఫ్లైకాచర్. ఇది ఈ దేశపు పిట్టే. ఇక్కడే గూడు కట్టి పిల్లలను చేస్తుంది. రెండవది స్పాటెడ్ ఫ్లైకాచర్. ఇది యూరపులోను, ఆసియాలో కొన్ని చోట్లను పిల్లలను పెంచి, సుమారు అక్టోబరులో ఇక్కడికి వచ్చి, మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్ళిపోతుంది.

రంగు చూసి పేరు చెప్పరాదు. నీడలో, ఎండలో రంగు మారుతుంది. పరిమాణము కూడా ఫోటోలో తెలియదు. కనుక ఈ వరుసలో చూడవలెను.

నెత్తి: స్పాటెడ్ నెత్తి మీద సన్నని చారలు ఉంటాయి. డస్కీ నెత్తి మీద చారలు ఉండవు.

రొమ్ము: స్పాటెడ్ రొమ్ము మీద చారలు విడివిడిగా, స్పష్టముగా ఉంటాయి. డస్కీకి తడి చేతితో పులిమినట్లు మసకగా ఉంటాయి.

రెక్క: మడిచిన రెక్క స్పాటెడ్‌కు పొడవు. అది దూరదేశాలకు ఎగిరే పిట్ట కదా! డస్కీ రెక్క పొట్టి.

ఆకారము: స్పాటెడ్ సన్నగా, పొడవుగా ఉంటుంది. డస్కీ బొద్దుగా, గుండ్రని తలతో ఉంటుంది.

ఇక్కడ ఒక మోసము ఉన్నది. స్పాటెడ్ అంటే చుక్కలు గలది. కాని పెద్ద పిట్టకు ఉండేవి చారలే. చుక్కలు ఉండేది దాని పిల్లకు. ఆ పిల్ల ప్రయాణానికి ముందే చాలావరకు ఒంటి ఈకలు మార్చుకుంటుంది. డస్కీ పిల్లకు కూడా చుక్కలుంటాయి. అందువలన మన తోటలో ఒంటినిండా చుక్కలు గల పిల్ల కనబడితే, అది చాలావరకు డస్కీ పిల్లయే.

ఫోటో తీసిన తేదీ కూడా ఒక గుర్తే. జూన్, జూలై నెలలలో తీసినదైతే దాదాపు తప్పక డస్కీ. డిసెంబరులో రెండూ ఉంటాయి గనుక నెత్తి, రొమ్ము, రెక్క చూడక తప్పదు.

పేరు తప్పితే ఏమి నష్టమని కొందరనవచ్చును. 2007లో మొదలైన దక్షిణాఫ్రికా ప్రాంతపు రెండవ పక్షి పటములో సామాన్య జనులే లెక్కలు వ్రాస్తున్నారు. చలికాలపు డస్కీని స్పాటెడ్ అని వ్రాస్తే, వెళ్ళిపోయిన పిట్ట ఇక్కడే ఉన్నట్లు లెక్క తప్పుతుంది. బ్రిటన్‌లో 1960ల తరువాత స్పాటెడ్ సంఖ్య చాలా పడిపోయినది. అటువంటి పిట్ట రాకపోకలకు సరియైన లెక్క అవసరము.

కనుక పిల్లలకు ఇట్లు చెప్పుదము: ఒక ఫోటో చాలదు, ప్రక్క నుండి, ఎదుట నుండి తీయండి, తేదీ, ఊరు వ్రాయండి. నెత్తి, రొమ్ము, రెక్క, తోక - ఈ మాటలు తెలుగులోనే చెప్పించండి. గుర్తులు చాలకపోతే "ఫ్లైకాచర్" అని మాత్రమే వ్రాయుట మేలు.