నోరులేని ఇద్దరితో మా ఇంటి వేసవి

వేసవి సెలవులు వచ్చాయంటే మన పల్లెటూరి ఇళ్ళలో సందడే సందడి. పిల్లల పుస్తకాల సంచులు అటకెక్కుతాయి, ఆవకాయ జాడీలు క్రిందికి దిగుతాయి, వాకిట్లో వడియాలు ఎండుతాయి. మా ఇంట ఈ సందడిలో మరో ఇద్దరున్నారు. ఒకటి గోధుమరంగు టామీ, రెండవది నల్లని చిట్టి. రెండూ ఊరి కుక్కలే, మోకాలి ఎత్తు కూడా ఉండవు.

ప్రియ పాఠకులారా, మనలో అనేక కుటుంబాలవారు కుక్కను పెంచుకొంటున్నారు. రాత్రి కాపలాకు అది కావాలి, పగలు మాత్రం దాని సంగతి ఎవరికీ పట్టదు. అయితే వేసవిలో ఆ నోరులేని ప్రాణి ఆరోగ్యమూ, మన పిల్లల క్షేమమూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. గనుక మా ఇంటి దినచర్యను మీతో పంచుకొంటున్నాము.

తెల్లవారి ఐదు గంటలకే వాటిని బయట తిప్పుతాము. ఎనిమిది దాటితే గడప దాటనివ్వము. సిమెంటు రోడ్డు మీద మన అరచేయి ఐదారు సెకన్లు ఆనించలేకపోతే, వాటి పాదాలు కూడా కాలతాయని గుర్తు.

పది గంటలయ్యేసరికి టామీ నీళ్ళకుండ ప్రక్కన తడినేల మీద బోర్లా పడుకొంటుంది. చిట్టి అరటిచెట్టు మొదట్లో గొయ్యి తవ్వుకొని అందులో దూరుతుంది. దానిని అల్లరి అనుకొని కొట్టరాదు. మనకు ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకు అరిపాదాల్లో తప్ప చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడమే దానికి దారి. అలా వగర్చినప్పుడు ఒంట్లోని తడి ఆవిరైపోతుంది గనుక దానికి నీళ్ళు ఎక్కువ కావాలి. అందుకే నీడలో రెండు మట్టి మూకుళ్ళు పెట్టి, ఉదయం సాయంత్రం నీళ్ళు మార్చుతాము.

అది చూసి పొరుగింటి అవ్వ, “అయ్యగారూ, కుక్కలక్కూడా చల్లనీళ్ళాండీ?” అని నవ్వింది. “మనమైతే అడిగి త్రాగుతాము అవ్వా, అవి అడగలేవు గదా!” అన్నాము. వారం తిరగకముందే ఆమె పంచలో కూడా ఒక పగిలిన కుండ అడుగున నీళ్ళు కనబడ్డాయి.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు ఉంటుంది. 104 దాటితే ప్రమాదము. విపరీతంగా వగర్చడం, చిక్కని చొంగ, తూలడం, వాంతులు వడదెబ్బకు గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద చల్లని నీళ్ళు పోస్తూ విసరాలి. తెలివి ఉంటేనే కొద్దికొద్దిగా నీళ్ళు పట్టి, పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఎండలోగాని, రేకుల షెడ్డులోగాని గొలుసుతో కట్టివేయవద్దు.

మిట్టమధ్యాహ్నం అవి తినవు. చల్లబడ్డాక మజ్జిగ కలిపిన అన్నం పెడతాము. ఉల్లిపాయ వాటి రక్తానికి చేటు. మామిడి టెంక మింగితే పేగుకు అడ్డుపడవచ్చు. సాయంత్రం చెవుల్లో, వ్రేళ్ళ సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూచి ఏరివేస్తాము.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. సెలవుల్లో పిల్లలు రోజంతా కుక్కలతోనే ఆడుకొంటారు. పన్ను గీరుకున్నా, పెద్దలు తిడతారని దాచిపెడతారు. ఆ దాపరికమే ప్రాణం మీదికి తెస్తుంది. రేబిస్, అనగా పిచ్చికుక్క వ్యాధి, లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు అసాధ్యం. అయితే సకాలంలో టీకా వేయిస్తే ఆ జబ్బు రాకుండా ఆపవచ్చు.

అందుకే మా ఇంట ఒక నియమము పెట్టుకొన్నాము: కుక్క పన్ను గాని గోరు గాని తగిలిందని చెప్పిన బిడ్డను కొట్టము, తిట్టము. క్రిందటి వేసవిలో మా చిన్నవాడు చీకటి పడే వేళ వచ్చి, “నాన్నా, చిట్టి పన్ను తగిలింది” అని మణికట్టు చూపించాడు. సన్నని గీత, చుక్క రక్తం. పంపు క్రింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. చిట్టికి టీకా వేయించి ఉన్నా, వైద్యుని చూపించక మానలేదు. గాయానికి పసుపు, సున్నం, కారం పెట్టవద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచే కాలం పోయింది. నేడు చేతికే కొద్ది సూదులు వేస్తారు. అయితే వైద్యుడు చెప్పిన తేదీల్లో అన్నీ పూర్తిచేయాలి.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తరువాత వైద్యుని సలహా ప్రకారము ఏటేటా వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ ఒక బాలునికి మొదటిసారి ఈ టీకా ఇచ్చాడు. ఆ జ్ఞాపకార్థం ఏటా జూలై 6న అనేక ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు టీకా ఉచితంగా వేస్తారు. ఆ అవకాశాన్ని పోనివ్వకండి.

ప్రియులారా, ఇవేవీ డబ్బుతో కూడిన పనులు కావు. ఈ సాయంత్రమే నీడలో ఒక మూకుడు నీళ్ళు పెట్టండి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, “ఏమి జరిగినా మాతో చెప్పండి, ఏమీ అనము” అని మాట ఇవ్వండి. ఆ మాట మీద నిలబడండి.