కొవ్వు కణం గాడి తప్పితే: అపోహలు – వాస్తవాలు

వరంగల్‌లో పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేవాళ్ల మాటల్లో షుగరు, బీపీ, ఫ్యాటీ లివర్ తరచూ వినిపిస్తాయి. వాటి వెంటే కొవ్వు మీద అపోహలూ తిరుగుతుంటాయి. వాటిని నమ్మి పరీక్షలు వాయిదా వేస్తే నష్టపోయేది మనమే.

అపోహ: కొవ్వు ఒంట్లో ఊరికే పడి ఉండే బరువు.
వాస్తవం: కొవ్వు హార్మోన్లు తయారుచేసే అవయవం. 1994లో కనుగొన్న లెప్టిన్ ‘తిన్నది చాలు’ అని మెదడుకు కబురు పంపుతుంది. అడిపోనెక్టిన్ ఇన్సులిన్‌కు తోడ్పడుతుంది. ఊబకాయంలో అడిపోనెక్టిన్ తగ్గుతుంది, లెప్టిన్ పెరిగినా మెదడు ఆ కబురు అందుకోదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పెంచిన ఊబకాయపు ఎలుకల్లోనూ ఇంతే: రక్తంలో లెప్టిన్ దండిగా ఉన్నా అవి తింటూనే ఉంటాయి.

అపోహ: కొవ్వు ఎంత తక్కువుంటే అంత ఆరోగ్యం.
వాస్తవం: పుట్టుకతోనే కొవ్వు కణజాలం దాదాపు లేని అరుదైన జబ్బు ఒకటుంది. అది ఉన్నవాళ్లు సన్నగా ఉన్నా తీవ్రమైన మధుమేహం బారిన పడతారు. గాదె లేని ఇంట్లో వడ్లు నట్టింట పోసినట్టు, దాచే చోటు లేక కొవ్వు కాలేయంలో, కండరాల్లో చేరుతుంది. ఊబకాయంలో గాదె ఉన్నా నిండిపోతుంది. కణాలు ఉబ్బుతాయి, ఆక్సిజన్ చాలక కొన్ని చనిపోతాయి. వాటిని ఊడ్చేయడానికి వచ్చిన రక్షక కణాలు వదిలే రసాయనాలు ఇన్సులిన్‌ను పనిచేయనివ్వవు. షుగరు పెరుగుతుంది, రక్తనాళాలూ దెబ్బతింటాయి.

అపోహ: బరువు సరిగ్గానే ఉంది, కాస్త పొట్టే కదా!
వాస్తవం: 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి కొలతలనే లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఎత్తును బట్టి బరువును అంచనా వేసే బీఎంఐ ఇద్దరిదీ 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే మనకు తూకం ఒక్కటే చాలదు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

అపోహ: నిమ్మరసం, నడుము బెల్టులు కొవ్వు కణాలను కరిగించేస్తాయి.
వాస్తవం: పెద్దయ్యాక కొవ్వు కణాల సంఖ్య దాదాపు మారదు. తిండి తగ్గించి, ఒళ్లు వంచితే అవి చిన్నవవుతాయి. పాత అలవాట్లకు మళ్లితే మళ్లీ నిండుతాయి. అయితే కణాలు చిన్నవైనా మేలే. 80 కిలోల మనిషి 4 నుంచి 8 కిలోలు తగ్గితే షుగరు, బీపీ అదుపులోకి రావడం మొదలవుతుంది.

30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, బీపీ పరీక్షలు ఉచితం. నడుము కొలత హద్దు దాటితే, ఒంట్లో ఏ బాధా లేకపోయినా, ఈ వారమే వెళ్లి చేయించుకోండి.