జలగ కాని జలగ

పాలమూరు గొల్లకురుమలకు పరాన్నజీవుల మొదటి పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు. గొర్రె చెవుల్లో, తొడల సందుల్లో పట్టుకుని రక్తం పీల్చేవి పిడుదులు. కడుపులో చేరేవి నట్టలు. పుస్తకాలూ ఇక్కడే మొదలుపెడతాయి: ఒంటిమీద బతికేవి బాహ్య పరాన్నజీవులు, లోపల బతికేవి అంతర పరాన్నజీవులు. వాటిని మోసే ప్రాణి ఆతిథేయి.

జంతుశాస్త్రం శరీర నిర్మాణాన్నీ చూస్తుంది. మలేరియా క్రిమిది ఒకే కణం. పిడుదులు సాలెపురుగుల చుట్టాలు. కడుపులోని పురుగుల్లో కొన్ని దారంలా గుండ్రంగా, కొన్ని రిబ్బనులా బద్దెగా ఉంటాయి. గొర్రె కార్జంలో దొరికే ఆకులాంటి పురుగును కాపరులు జలగ అంటారు గానీ అది జలగ కాదు. నిజమైన జలగ వానపాము వంశానిది. ఇది బద్దెపురుగుకు దగ్గరి బంధువు.

నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే విభజన వేరే ఉంది: పురుగు ఏ దశలో ఎవరింట్లో ఉంటుంది? కార్జపు జలగ గుడ్లు గొర్రె పెంటికలతో నీళ్లలో పడతాయి. పొదిగి వచ్చిన పిల్ల నత్తలోకి దూరి, అక్కడ ఒకటి వందలై బయటికొచ్చి గట్టు గడ్డికి అంటుకుంటుంది. ఆ గడ్డి మేసిన గొర్రెలోనే అది పెద్దదై గుడ్లు పెడుతుంది. అందుకే గొర్రె అంతిమ ఆతిథేయి, నత్త మాధ్యమిక ఆతిథేయి. మలేరియాలో ఈ వరస తిరగబడుతుంది: క్రిమి ఆడ, మగ కణాలు కలిసేది దోమలో కాబట్టి దోమే అంతిమ ఆతిథేయి, మనిషి మధ్యవాడు. ఆ దోమ కడుపులో క్రిమిని వైద్యుడు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే చూశాడు.

దారి తెలిస్తే దాన్ని తెంచొచ్చు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌ సహా ఏడు రాష్ట్రాలను పీడించిన నారికురుపు అనే పురుగు జబ్బే ఇందుకు రుజువు. దిగుడుబావి నీటిలో సైక్లాప్స్ అనే చిన్న ప్రాణి ఆ పురుగు పిల్లను మోసేది. ఆ నీళ్లు తాగిన మనిషి కాలిలోంచి ఏడాదికి మూరెడు, రెండు మూరల పురుగు బయటికొచ్చేది. ఆ కాలితో మళ్లీ బావిలో దిగితే పిల్లలన్నీ నీళ్లలోకే. దీనికి టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు. నీళ్లు గుడ్డతో వడకట్టారు, దిగుడుబావులు మాన్పించి చేతిపంపులు వేశారు. చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో వచ్చింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి విముక్తి ధ్రువపత్రం ఇచ్చింది.

కార్జపు జలగకు మందుంది, కాపరులు తాపుతూనే ఉన్నారు. కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చెరువు శిఖాల్లో నత్తలున్నన్నాళ్లూ, మందు తాగిన గొర్రె మళ్లీ ఆ గట్టు గడ్డే మేస్తుంది.